సూది బెజ్జాల పుస్తకం

పోయిన ఆదివారం మా మనుమరాలు ఒక కొత్త పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టి, దీనికి అట్ట వేసివ్వమని అడిగింది. తను చదువుకున్న సిద్దిపేట డిగ్రీ కాలేజీలోనే ఇప్పుడు పాఠాలు చెబుతోంది. చెబితే చేసిపెట్టే పిల్లలు అక్కడ ఎంతమందో ఉంటారు. అయినా పుస్తకానికి అట్ట కావాలంటే నా దగ్గరికే వస్తుంది, ఎందుకంటే నిరుటి క్యాలెండర్ కాగితాలు పారేయకుండా మడతపెట్టి సందూకలో దాచే మనిషిని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ కాగితాల కోసం సందూక అడుగుదాకా చెయ్యి పెడితే పాత పుస్తకం ఒకటి తగిలింది. బయటికి తీస్తే దానంతట అదే మధ్యకు తెరుచుకుంది. అక్కడ రెండు ఆకుల అంచు చుట్టూ వరుసగా సూది బెజ్జాలు. వాటిని పొడిచింది నేనే. మనుమరాలు వంటింట్లో చాయ్ పెడుతుంటే, కొత్త పుస్తకం పక్కన పెట్టి, ఆ బెజ్జాలను వేలితో తడుముతూ చాలాసేపు కూర్చుండిపోయాను.

నేను చదివింది మూడో తరగతి, అదీ పూర్తిగా కాదు. మా తల్లిగారి ఊరు హుస్నాబాద్ దగ్గర. తమ్ముడు పుట్టినప్పుడు వాణ్ణి ఎత్తుకునే మనిషి లేక బాపు నన్ను బడి మాన్పించాడు. అందుకు ఆయన మీద నాకు కోపం లేదు, ఆ రోజుల్లో ఆడపిల్లను అంతదాకా పంపడమే ఎక్కువని మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. నేర్చుకున్న అక్షరాలు మరిచిపోకుండా నన్ను కాపాడింది కిరాణా దుకాణం. చక్కెరైనా చింతపండైనా పత్రిక ముక్కలోనే కట్టి ఇచ్చేవాళ్లు కదా, పొట్లం విప్పి సరుకు డబ్బాలో పోసి, ఆ కాగితాన్ని అరచేత్తో సాపు చేసి రెండు వైపులా చదివేదాన్ని. అందువల్ల చిన్నప్పుడు నాకు తెలిసినవన్నీ సగం సగం సంగతులే. ఒక పొట్లంలో దొంగ దొరికేవాడు, వాడు ఏ ఊళ్లో దొరికాడో చెప్పే ముక్క మాత్రం ఎవరింటి పొయ్యిలోకి పోయిందో తెలిసేది కాదు. ఆ కొరత వల్లనేమో, మొదలూ చివరా ఉన్న పుస్తకమంటే నాకు ఈ రోజుకూ భక్తి. దాని ఆకు మడిచినా, దాని మీద గిన్నె పెట్టినా ఊరుకోను.

బడి మాన్పించిన ఏడాదే మా అవ్వ, అంటే అమ్మ, నా ఒళ్లో బీడీల చాట పెట్టింది. తడిపిన తునికాకును రేకు ముక్క కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి చుట్టి, సన్న దారంతో కట్టి మూతి మడవడం పదేళ్లు నిండకముందే చేతికి వచ్చింది. పెళ్లయి సిద్దిపేటకు వచ్చినా ఆ చాట నన్ను వదల్లేదు. మా ఇంటాయన మార్కెట్‌లో హమాలీ పని చేసేవాడు, నేను అరుగు మీద బీడీలు చేసేదాన్ని, మా ముగ్గురు పిల్లలు ఆ రెండు పనుల మీదే పెరిగారు. మా అరుగు పొడుగైనది, పొద్దంతా నీడ ఉంటుంది, అందుకని వాడలోని ఆడవాళ్లు అయిదారుగురు చాటలు చంకన పెట్టుకుని అక్కడికే వచ్చేవాళ్లు. అరుగు నాది కాబట్టి పెద్దరికమూ నాదే. ఎవరి బీడీల కట్ట వదులుగా ఉన్నా విప్పించి మళ్లీ కట్టించేదాన్ని. కత్తిరించగా మిగిలిన ఆకు ముక్కలను పొయ్యి రాజేయడానికి దాపించేదాన్ని, జానెడు దారం మిగిలినా పారేయనిచ్చేదాన్ని కాదు. నా గురించి వెనక ఏమనుకునేవాళ్లో నాకు తెలుసు, ఎందుకంటే ఎదురింటామె, నాకు మరదలు వరుస, అవన్నీ నా ముందరే అనేది.

ఇప్పుడు చెప్పబోయేది జరిగి పదేళ్లు కావస్తోంది. మనుమరాలు అప్పుడు డిగ్రీ మొదటి ఏడు. వాళ్ల కాలేజీలో ఒక పద్ధతి పెట్టారు. ఏడాదికి ఒక్క పుస్తకాన్ని ఎంచి కాలేజీ అంతా అదే చదవాలి, చదివి ఊరుకోవడం కాదు, పిల్లలు దాన్ని పట్టుకుని ఊళ్లోకి పోయి, కాలేజీ గేటు ఎన్నడూ దాటని వాళ్లకు చదివి వినిపించాలి, వాళ్లేమన్నారో రాసుకుని రావాలి. ఆ ఏటి పుస్తకంలో మన చుట్టుపక్కల సంగతులే పాఠాలుగా ఉన్నాయి. బోర్లు ఎందుకు ఎండుతున్నాయి, పత్తికి కొట్టే మందులు ఎవరి ఒంట్లోకి పోతున్నాయి, ఊరి చెత్తను ఎత్తేవాళ్ల బతుకేమిటి, ఇట్లాంటివి. ఒక పిల్లవాడు టైలర్ దుకాణానికి తీసుకుపోయాడట, ఒకమ్మాయి బస్టాండు దగ్గరి చాయ్ హోటల్‌కు తీసుకుపోయిందట, మా మనుమరాలు మాత్రం మా అరుగు మీదికే తెచ్చింది. నాకు నచ్చలేదు. వింటూ కూర్చుంటే చేతులు నెమ్మదిస్తాయని, కట్టలు తక్కువ పడితే బీడీలు తీసుకునే కార్ఖానాలో మాట పడేది మేమని గదమాయించాను.

"చేతులకు పనున్నది, చెవులకు లేదు కద బాపమ్మా," అన్నది. "నీకు ఏదన్న ఉత్తగ పోతే మనసొప్పది. మరి గిన్ని చెవులు పొద్దంత ఉత్తగ పోతున్నయి, అది కనవడ్తలేదా?"

నా గుణం తెలిసిన పిల్ల, నా గుణంతోనే నా నోరు కట్టేసింది.

రెండు రోజులు తనే చదివింది. మూడో రోజు మరదలు ఉండబట్టలేక అననే అన్నది. "ఏం బిడ్డా, గట్ల బస్సు ఉరికిచ్చినట్టు చదువుతున్నవు. మేం ఎక్కకముందే పోతివి." అంతలో తనకు పరీక్షలు వచ్చిపడ్డాయి, పుస్తకం సగంలో ఆగిపోయింది. సగంలో ఆగిన సంగతి ఎంత బాధపెడుతుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వారం రోజులు ఓర్చుకుని, ఒక పొద్దున చాట పక్కకు జరిపి, చేతులు కడుక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని నేనే పుస్తకం తెరిచాను.

"మూడో తరగతి పంతులమ్మ వచ్చింది, అందరు సక్కగ కూసోండ్రి," అన్నది మరదలు. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. వాక్యం కింద వేలు పెట్టి, ఒక మాట పూర్తయితేగానీ ఇంకో మాట ముట్టకుండా చదివాను. ఆ నెమ్మదే వాళ్లకు సరిపోయింది, ఒక వాక్యం అయ్యేసరికి ఒక బీడీ అయ్యేది. అయితే పుస్తకం పట్టుకున్న చేతులతో బీడీలు చుట్టలేను, నా వంతు పని వెనకబడుతుందని లోపల గుబులుగానే ఉంది. సాయంత్రం చాట దగ్గరికి పోయి చూస్తే నేను కట్టని కట్టలు అందులో ఉన్నాయి. ఒక్కొక్కరు తమ పనిలోంచి ఒక్కో కట్ట నా చాటలో వేసి, ఏమీ ఎరగనట్టు కొంగు దులుపుకుని ఇంటికి పోయారు. ఒకరి కష్టం ఊరికే ముట్టని దాన్ని, మర్నాడు అడగబోతే, "చదువుడు మాత్రం పని కాదా, కూసో వదినె," అని మరదలే నన్ను కసిరింది. అట్లా రోజూ జరిగింది. నా జన్మలో నేను ఒకరి చేతి కష్టం తీసుకున్నది, తీసుకుని గర్వపడ్డది ఆ ఒక్కసారే.

చదివింది చదివినట్టు విని ఊరుకునే రకాలు కారు వాళ్లు. ప్లాస్టిక్ సంచుల పాఠం వచ్చినప్పుడు ఒకామె, "మొన్న కొమురవెల్లి జాతరకు పోయి అన్నాలు తిని కవర్లన్ని ఆడనే ఇడిసి వచ్చినం కద, గదే రాసిన్రా?" అని అడిగితే, "అవ్, నువ్వు ఇడిసినప్పుడు ఎవలో ఎనక నిలవడి చూసిన్రు," అన్నది ఇంకొకామె. చెత్త ఏరుకునే వాళ్ల పాఠం చదివితే, "మా వదినె ఇంటి ముందర అయితే వాళ్లకు ఏం దొరకది, పాపం ఉత్త చేతులతోని పోవాలె," అని మరదలు నా పొదుపు మీద వేసింది. నేను చదవడం ఆపి, నవ్వడం అయ్యేదాకా చూసి, వేలు తీసిన చోటే మళ్లీ వేలు పెట్టి మొదలుపెట్టేదాన్ని.

ఇక్కడ మరదలి కోడలి గురించి చెప్పాలి. పదో తరగతి చదివిన పిల్ల, మాట తక్కువ. అప్పుడు దానికి ఆరు నెలల ఆడపిల్ల ఉండేది. పిల్లను వాళ్లింట్లో పడుకోబెట్టి పది సార్లు లేచి పోతుంటే పని సాగడం లేదని, తొట్టెల మా అరుగు మీదనే కట్టించింది నేను. తాడు కాలి బొటనవేలికి తగిలించుకుంటే కాలితో ఊపుకుంటూ చేతులతో బీడీలు చుట్టుకోవచ్చని, నా ముగ్గురు పిల్లలూ అట్లాగే పెరిగారని చెప్పి, దూలానికి ముడి కూడా నా చేత్తోనే వేశాను. తంబాకు చాటలకు మూరెడు దూరంలో ఆ తొట్టెల ఊగేది. పిల్లకు దగ్గు ఉండేది. ఏ పిల్లకు దగ్గు ఉండదు అనుకునేవాళ్లం.

తెల్లారి చదవబోయే పాఠాన్ని ముందురోజు సాయంత్రం దీపం పెట్టే వేళకు నాలో నేను ఒకసారి చదువుకునేదాన్ని, నలుగురిలో తడబడితే పరువు పోతుందని. అట్లా చదువుతుంటే ఒకరోజు బీడీల పాఠం వచ్చింది. ఇంట్లో బీడీలు చేసే ఆడవాళ్ల సంగతి. తంబాకు దుమ్ము ముక్కులోంచి ఛాతీలోకి పోతుందని, ఆ చేతులతోనే పిల్లల్ని ఎత్తుకుంటారని, చాట పక్కన పడుకునే పసిపిల్లలు ఆ దుమ్మునే పీలుస్తారని, వాళ్ల దగ్గు ఊరికే వచ్చిన దగ్గు కాదని రాసి ఉంది. మా అరుగు ముందర నిలబడి మమ్మల్ని చూసి రాసినట్టే ఉంది.

రెండోసారి చదివాను, అదే ఉంది. ఇది చదివి వినిపిస్తే ఏమవుతుంది? ఈ పని మానుకుని వాళ్లు ఏ పనికి పోతారు? భయపెట్టడం తప్ప ఏం లాభం? ఇట్లా ఎన్నో చెప్పుకున్నాను. అవన్నీ నిజమే గానీ, వాటి కింద ఉన్న అసలు సంగతి వేరు. ఆ తొట్టెల ముడి నేను వేసింది. రేపు అందరూ నా మొహం చూస్తారు. చదవకుండా పక్కన పెడదామంటే ఏ గాలికో ఆ ఆకు తెరుచుకుంటుందని భయం, చింపేద్దామంటే చెయ్యి రాలేదు. పుస్తకం కాలేజీది, పైగా పుస్తకం. సూదిలో బీడీ దారం ఎక్కించి, ఎదురెదురు పేజీల్లో ఆ పాఠం ఉన్న రెండు ఆకులను ఒకదానికొకటి చుట్టూ కుట్టేశాను, దిండు గలీబు కుట్టినంత శుభ్రంగా.

మర్నాడు ముందు పాఠం నుంచి తర్వాతి పాఠానికి తడుముకోకుండా పోయాను. ఎవరికీ తెలియలేదు. నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు మంచినీళ్లకు లోపలికి పోయి వచ్చేసరికి మరదలి కోడలు పుస్తకంలో బొమ్మలు చూస్తోంది, దాని వేళ్లు ఆ కుట్టు దగ్గర ఆగి ఉన్నాయి.

"ఇవి ఎందుకు కుట్టినవు పెద్దమ్మా?" అని అడిగింది.

"ఆకులు ఊడుతున్నయని కుట్టిన," అన్నాను.

"కొత్త పుస్తకం కద," అన్నది. పుస్తకం మూసి నా చేతికిచ్చి చాట ఒళ్లోకి లాక్కుంది. మిగతా వాళ్లూ ఆ మాట విన్నారు. ఆ సాయంత్రం నాకు ఎవరూ కట్ట వేయరనుకున్నాను. చూస్తే ఎప్పటిలాగే వేశారు. ఆ పిల్ల కూడా వేసింది. వేయకుండా ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

తెల్లారి చదువుతున్నాను. తొట్టెలలో పిల్ల దగ్గడం మొదలుపెట్టింది. ఎవరి చేతులూ ఆగలేదు, అలవాటైన దగ్గు కదా. నేనూ ఆగలేదు. కొంతసేపటికి నాకే తెలిసింది, ఆ దగ్గు పైనుంచి వినబడాలని నేను గొంతు పెంచి చదువుతున్నాను. అది తెలిసిన తర్వాత చదవడం ఆపాను. ఆకులు కత్తిరించే కత్తెర అందుకుని కుట్టు తెంపాను. ముక్కలు కాకుండా మెల్లగా దారం లాగి ఉండకు చుట్టుకున్నాను, అప్పుడు కూడా దారం పారేయడానికి మనసొప్పలేదు, అందుకు నన్ను చూసి ఇప్పటికీ నవ్వుతారు.

"ఇది మన పాఠం. మొన్న చదవాల్సింది, నేను భయపడి కుట్టేసిన," అని చెప్పి చదివాను. చదువుతుండగా ఒక్కొక్కరి చేతులు ఆగిపోయాయి. ఆ అరుగు మీద పగటిపూట అన్ని చేతులూ ఒకేసారి ఆగడం నేను చూసింది అదే మొదలు. అయిపోయాక మరదలే మాట్లాడింది.

"మంచిగనే ఉన్నది. ఇగ రేపటి నుంచి ఏం తినాలె? గది రాసిండా?"

"రాయలే," అన్నాను.

కోడలు లేచింది. తొట్టెల ముడి విప్పబోతే రాలేదు, నేను వేసిన ముడి కదా. నేనే లేచి విప్పాను. వాళ్ల నడింట్లో దూలానికి మళ్లీ కట్టాం. అక్కణ్నుంచి అరుగుదాకా తాడు అందలేదు. నా పెట్టెలో దాచుకున్న చీర ఒకటి తీసి నిలువునా మూడు పేలికలు చించి జడలా అల్లాను. నేను చీర చించడం మరదలు కళ్లారా చూసింది, అట్లాంటిది అరుదు. ఆ తాడు వాళ్ల గడప దాటి, గల్లీ మీదుగా వస్తే మనుషుల కాళ్లకు తగులుతుందని, కోడలి చాటనే వాళ్ల గడప బయటికి మార్చాం. అది అక్కడ కూర్చుని తాడు లాగేది, లోపల తొట్టెల ఊగేది, గల్లీకి ఇవతల నేను ఇంకొంచెం గొంతు పెంచి చదివేదాన్ని. ఈసారి గొంతు పెంచింది దానికి వినబడాలని. ఆ తర్వాత ఒక్కొక్కటే మారాయి. తంబాకు పోసేటప్పుడు ముక్కుకు కొంగు కట్టుకోవడం, పిల్లను ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడగడం, సాయంత్రం అరుగు ఊడ్చే బదులు తడిబట్టతో తుడవడం. పిల్ల దగ్గు రెండు నెలలకు తగ్గింది. దవాఖాన మందు కూడా వాడారు, నా పుస్తకం వల్లనే అని నేను అనను.

పుస్తకం అయిపోయాక కాలేజీలో సభ పెట్టారు. చదివిన చోటుకొకరు వచ్చి మాట్లాడాలట. పని మానుకుని అందరం పోయాం. అంత పెద్ద హాలు నేను లోపలి నుంచి చూడటం అదే. నా వంతు వచ్చినప్పుడు మనుమరాలు ముందు వరుసలో తల వంచుకుని కూర్చుంది, బాపమ్మ ఎవర్ని కసురుతుందోనని. నేను పుస్తకం ఎత్తి చూపించి, "దీంట్ల రెండాకులు నేనే కుట్టేసిన, మల్ల నేనే ఇప్పిన. మీ పుస్తకానికి బెజ్జాలు పడ్డయి, ఏమనుకోకుండ్రి," అని కూర్చున్నాను. నాకు వచ్చిన ఉపన్యాసం అంతే. అప్పుడు ఎవరూ పిలవకుండానే మరదలి కోడలు చంకలో పిల్లతో లేచి నిలబడింది.

"దుమ్ము మంచిది కాదని రాసిన్రు, బాగనే ఉన్నది," అన్నది. "మరి పని ఇడవకుంట ఎట్ల బతకాల్నో రాయలే. గది మేం చేసి చూసినం. చెప్త, రాసుకోండ్రి."

మాట తక్కువ అనుకున్న పిల్ల ఒక్కొక్కటే చెబుతుంటే కాలేజీ పిల్లలు నిజంగానే తలలు వంచి రాసుకున్నారు, పాఠాలు చెప్పే మేడం కూడా రాసుకుంది. మరదలు నా మోచేతిని గిల్లి, "మా కోడలు," అన్నది, నాకు తెలియనట్టు. మరుసటి ఏడు ఆ మాటలను పిల్లలు ఒక కాగితం మీద అచ్చు వేసి బీడీలు చేసే వాడలన్నింటికీ పంచారు. పుస్తకం తిరిగి ఇవ్వబోతే మేడం ఆ బెజ్జాలను వెలుతురుకు పెట్టి చూసి, ఇది మీ దగ్గరే ఉండనీయండి, కాలేజీకి ఇంకొకటి తెచ్చుకుంటాం అన్నది. మూడో తరగతి సగంలో మానేసిన దానికి కాలేజీ వాళ్లు ఇచ్చిన పుస్తకం ఇది. అందుకే సందూకలో అన్నింటికంటే అడుగున, చీరల కింద పెట్టుకున్నాను.

ఇప్పుడు అరుగుకు ఇనుప జాలీ పెట్టించారు. బీడీల పని పలచబడింది, నా వేళ్లు కూడా ఇక చుట్టలేవు. ఒకామె కుట్టుమిషన్ పెట్టుకుంది, ఇద్దరు హాస్టల్ వంటకు పోతున్నారు, మరదలి కోడలు అంగన్‌వాడీలో టీచర్. ఆ తొట్టెల పిల్ల ఇప్పుడు అయిదో తరగతి. మొన్న నేను పాత పుస్తకం పట్టుకుని కూర్చున్నప్పుడు వచ్చి, బెజ్జాలు చూసి, "ఎలుక కొరికిందా అమ్మమ్మా?" అని అడిగింది. కాదు, నేనే అన్నాను. ఎందుకని అడిగితే, కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, సగంలో వదిలేయలేదు.

కాలేజీ వాళ్లు ఆ పద్ధతి వదల్లేదు, ప్రతి ఏడూ ఒక పుస్తకం వస్తుంది. అయితే ఇప్పుడు పిల్లలు దాన్ని చదివి రికార్డు చేసి ఫోన్లలో పంపుతున్నారు, ఎవరి వంటింట్లో వాళ్లు, ఎవరి మిషను దగ్గర వాళ్లు వింటున్నారు. మంచిదే, నాకంటే బాగా చదువుతారు, ఎక్కడా తడబడరు. మరదలు కూడా చెవుల్లో పెట్టుకుని వింటుంది, విన్నదాని మీద ఎవర్ని దెప్పాలో తెలియక ఊరుకుంటుంది. మనుమరాలు తెచ్చిన కొత్త పుస్తకం ఈ ఏటిది, దానికి అట్ట వేసి తనకు ఇస్తూ, మీ ఫోను చదువులో నాకు ఒక్కటే లోటు కనబడుతుంది అన్నాను. ఏమిటది అని అడిగింది. దాంట్లో చదివే గొంతు ఎంత బాగున్నా, వినే ఇంట్లో పసిపిల్ల దగ్గితే ఆగదు.